అడయారు తోట క్రయము

హైదరాబాదున విద్యానగరములో దుర్గాబాయి దేశముఖ్ ఆసుపత్రి ముందుగా పోవునప్పుడెల్ల మాకు చెన్నపట్టణము జ్ఞప్తికి వచ్చును. ఆ ఆసుపత్రి ఆంధ్ర మహిళాసభ వారిది. ఆ సభ 1937లో పుట్టినది చెన్నపట్టణముననే. అచ్చట అడయారు ఏటికి ఉత్తరపు గట్టున సభవారి ఆవరణము నేటికిని గలదు. దాని ముందరి బాటకు దుర్గాబాయి గారి పేరే పెట్టిరి. ఆ బాట దాటి, ఏటి వంతెనపై నిలిచి, సముద్రపు దిక్కునకు చూచినచో కుడిగట్టున చూపు ఆనినంత మేర చెట్లే కనబడును. ఇసుక వేసిన చోటెల్ల ఇల్లు లేచిన ఆ మహానగరమున, సముద్రమునకు అంత చేరువను, అంత వనము ఎట్లు మిగిలినదని కొత్తవారికి ఆశ్చర్యము కలుగును. అది దివ్యజ్ఞాన సమాజము వారి తోట. ఆ తోట మొదట ఎవరెవరి చేతులు మారి, ఎంత ధరకు, ఎవరి ఋణముతో క్రయమైనదో నేడు చెప్పుకొందము.

తోట విద్యాస్థానముగా మారుట మన పేటవారికి క్రొత్త గాదు. విద్యానగరమునకు ఆనుకొనియున్న అడిక్‌మెట్ ఒకప్పుడు మహలఖాబాయి చందాకు నిజాము ప్రభువు లిచ్చిన జాగీరు. 1824లో ఆమె గతించిన పిదప నూరేండ్లు దాటిన వెనుక, ఉస్మానియా విశ్వవిద్యాలయపు భవనములు ఆ నేలపై లేచినవి. అయితే అది ప్రభుదత్తమైన భూమి. ప్రభువు ఇచ్చెను, ప్రభుత్వమునకే చేరెను. నడుమ రూపాయలు లెక్కించి కొనినవాడు గాని, అప్పుపత్రము వ్రాసినవాడు గాని లేడు. అడయారు తోట సంగతి అట్లు గాదు. అచ్చట బేరమున్నది, అప్పున్నది, అప్పిచ్చినవాని సాహసమున్నది. అందుచేతనే అది మాకు ఎక్కువ ఆసక్తికరముగా తోచినది.

ముందుగా చెన్నపట్టణపు తోట బంగళాల సంగతి కొంత తెలియవలెను. కుంపినీవారు తొలిదినములలో సెయింటు జార్జి కోటగోడల నడుమనే ఇరుకుగా కాపురముండిరి. బయట ఇల్లు కట్టుకొన భయము. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టిరి. 1758లో మరల వచ్చి ముట్టడించిరి. హైదరాలీ గుఱ్ఱపుదండు 1769లో పట్టణపు పొలిమేరలకే వచ్చెను. ఈ భయములన్నియు 1799లో శ్రీరంగపట్టణము పడుటతో తీరినవి. అంతకు కొంత ముందునుండియే ధైర్యవంతులు కోటకు పడమటను దక్షిణమునను విశాలమైన నేలలు కుంపినీవలన పొంది, తోటల నడుమ మేడలు కట్ట మొదలిడిరి. వీనికి తోట ఇండ్లని పేరు వచ్చెను. జార్జి మౌబ్రే అను లెక్కల అధికారి అడయారు ఉత్తరపు గట్టున నూరెకరములకు పైబడిన తోట వేసి, నడుమ గుమ్మటము గల మేడ కట్టెను. అదే గట్టున జేమ్సు బ్రోడీ అనునాతడు కోటవంటి ఇల్లు కట్టుకొని, ముచ్చటపడి ఏటిలో పడవ నడుపుచు, ఆ ఏటిలోనే మునిగి చనిపోయెను.

ఈ ఇండ్ల గోడలను చూచినవారు పాలరాయి యని భ్రమపడెడివారు. అది పాలరాయి గాదు. సముద్రపు గుల్లలను కాల్చి తీసిన గుల్లసున్నమును మెత్తగా నూరి, గ్రుడ్డుసొనయు బెల్లపునీరును కలిపి, పూతపై పూత పూసి, నున్నని రాతితో మెరుగుపెట్టిన పని. తెలుగు తమిళ తాపీవారి చేతి చలువ అది. మిద్దె వేయు పద్ధతియు ఆ పట్టణమునకు ప్రత్యేకమైనదే: టేకు దూలములపై చిన్న ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో బిగించెడివారు. ఈ టేకు దూలముల సంగతి శ్రోతలు మరువవలదు; ముందు దీనితో పని యున్నది.

తోట ఇల్లు కట్టుట కంటె నిలుపుట కష్టము. తోటమాలులు, కావలివారు, నీరు తోడువారు, గుఱ్ఱపు సాయిసులు, పల్లకీ బోయీలు, వంటవారు, ఇందరు జీతగాండ్రు లేనిదే ఆ ఇల్లు నడవదు. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును తినును, చెద దూలమును తినును. ఏటేటా సున్నము వేయనిచో మూడేండ్లలో గోడ నల్లబడును. అట్టి ఇంట ఏడాది పొడుగునను కాపురముండువానికే అది భోగము. ఆరు నెలలు తాళము వేసి పోవువానికి అది గుదిబండ.

అడయారునకు దక్షిణపు గట్టున, ఏరు సముద్రమును కలియు తావునకు కొద్ది దూరములో, ఇట్టి తోట ఒకటి యుండెను. దానిని హడిల్‌స్టన్ తోట యనెడివారు. విస్తీర్ణము 27 ఎకరములు. ఒక పెద్ద మేడ, ఏటి యొడ్డున రెండు చిన్న బంగళాలు, ఇటుకతో కట్టిన గుఱ్ఱపుసాలలు, బండ్లు నిలుపు కొట్టము, గిడ్డంగులు, ఈదుటకు నీటి తొట్టి, పాత మామిళ్లును మఱ్ఱులును వరుసదీరిన బాట, వెనుక పెద్ద సరుగుడు తోపు. 1882 నాటికి దీనిని అడిగెడివాడు లేకపోయెను.

ఇక కొనినవారి సంగతి. అమెరికా అంతర్యుద్ధమున పనిచేసి, పిదప న్యాయవాదియైన కర్నల్ హెన్రీ ఆల్కాట్, రష్యా దేశపు స్త్రీ హెలీనా బ్లావెట్‌స్కీ, 1875లో న్యూయార్కున దివ్యజ్ఞాన సమాజమును స్థాపించి, 1879లో బొంబాయి చేరిరి. అచ్చట వారు కాపురమున్న బంగళా పేరు 'క్రోస్ నెస్టు', అనగా కాకిగూడు. దానిలో దయ్యమున్నదని లోకము చెప్పుకొనుటచే అద్దె తగ్గినదని ఆల్కాట్ తన స్మృతులలో వ్రాసికొనెను. మొదటి ఇల్లు దయ్యము చలువచేతను, రెండవ ఇల్లు రైలు చలువచేతను చౌకగా దొరికినవని మనము నవ్వుకొనవచ్చును.

1882 ఏప్రిలులో వారిరువురు చెన్నపట్టణము వచ్చిరి. అచ్చట సమాజపు శాఖ ఏర్పడెను. దివాన్ బహద్దూరు రఘునాథరావు గారు అధ్యక్షులైరి. మే మొదట వారు బకింగ్‌హాము కాలువలో ఇంటిపడవ నెక్కి ఉత్తరముగా మన తెలుగుదేశమునకు బయలుదేరిరి. నాటికి నెల్లూరునకుగాని గుంటూరునకుగాని పట్టణమునుండి రైలు లేదు, కాలువయే రాజమార్గము. పగలు ఎండ, రాత్రి చల్లగాలి, ఇరుప్రక్కల ఉప్పుకొటారులును తాటితోపులును, గట్టున త్రాడు పట్టి పడవ లాగు కూలీల అడుగుల చప్పుడు: కాలువ ప్రయాణ మెరిగిన పెద్దలకు ఈ దృశ్యము వర్ణింప నక్కరలేదు. నెల్లూరున ఉపన్యాసములైన పిదప పెదగంజాము వరకు పడవలో పోయి, అచ్చటినుండి పల్లకీలలో గుంటూరు చేరిరి. గుంటూరు జనము ఊరు ఊరే ఎదురువచ్చినదని ఆల్కాట్ సంతోషముతో వ్రాసికొనెను. మే నెలాఖరునకు వారు మరల చెన్నపట్టణము చేరిరి.

మే 31వ తేది. స్మాలుకాజు కోర్టు న్యాయాధిపతి ముత్తుస్వామి చెట్టి గారి కుమారులు వచ్చి, చౌకగా వచ్చు స్థలమొకటి ఉన్నది, ఒకసారి చూడరాదా యని అడిగిరి. బండి కట్టించుకొని అడయారు పోయిరి. చూచినంతనే, ఇదియే మా ఇల్లని ఇరువురకును తోచినదట. మేము ఇట్టి మాటలను కొంచెము అనుమానముతోనే చదువుదుము. వెనుకటి సుఖమును ముందటి శకునముగా వ్రాసికొనుట స్మృతికర్తలందరికి గల అలవాటు. కాని ఆ మాటకు వెంటనే ఆయన వ్రాసినది అంకె. అంకెను నమ్మవచ్చును. అడిగిన ధర తొమ్మిదివేల పైచిలుకు రూపాయలు. ఆయన లెక్కలో సుమారు 600 పౌనులు.

ఇరువదియేడు ఎకరములు, మేడ, బంగళాలు, సాలలు, తోపు, ఏటి యొడ్డు. అన్నియు కలిసి తొమ్మిదివేల చిల్లర! నాటి రూపాయి విలువ నేటి రూపాయి విలువ గాదు, నిజమే. అయినను నాటికిని అది నామమాత్రపు ధరయే. ఆ ధర భూమిదియు గాదు, ఇంటిదియు గాదు. ఇల్లు పడగొట్టినచో వచ్చు పాత సామానుది. ఇందాక మరువవలదని చెప్పిన టేకు దూలములు ఇచ్చట పనికివచ్చును. మద్రాసు మిద్దెను విప్పినచో దూలములు చెక్కుచెదరక చేతికి వచ్చును. తలుపులు, కిటికీలు, ఇటుకలు, బండలు అన్నియు అమ్ముడుపోవును. కావున కొనువాడు లేని తోట ఇంటికి పడగొట్టు కాంట్రాక్టరే గిరాకి. వీరు రాకయున్నచో హడిల్‌స్టన్ మేడకును అదే గతి పట్టియుండెడిదని ఆల్కాట్ స్పష్టముగా చెప్పెను.

ఇంత చౌక ఏల? నీలగిరి పాదము వరకు రైలు క్రొత్తగా పడుటచే ఉదకమండలము ఒక్కనాటి ప్రయాణమైనదనియు, పెద్ద ఉద్యోగులు ఆరు నెలలు కొండపైననే ఉండసాగిరనియు, అందుచే వారి తోట ఇండ్లు దిక్కులేనివైనవనియు ఆయన కారణము చెప్పెను. కారణము సరియైనదే కాని 'క్రొత్తగా' అనుమాట కొంత సవరింపదగినది. కొండ దిగువనున్న మెట్టుపాళయమునకు రైలు 1873లోనే వచ్చెను. మదరాసు ప్రభుత్వము వేసవిలో ఉదకమండలమునకు తరలుటయు 1870 ప్రాంతమునకే స్థిరపడెను. అనగా 1882 నాటికి ఆ మార్పు వచ్చి పదియేండ్లు. ధర ఒక్కనాటిలో పడలేదు. ఏటేటా కొనువారు తగ్గుచు, ఏటేటా మరమ్మతు ఖర్చు పెరుగుచు, తుదకు యజమాని, పాత సామాను ధర వచ్చిన చాలు ననుకొను స్థితికి వచ్చెను. భూములు క్రయించువారు నేటికిని ఎరిగిన సంగతియే ఇది: మంచి స్థలము చౌకగా వచ్చినదనగా, దాని వెనుక ఒకరి విసుగు పదియేండ్లు పెరిగియుండును.

ధర తక్కువయే, కాని కొనువారిచేత ఆ తక్కువయు లేదు. సమాజమునకు నిధి లేదు. 1879 అక్టోబరులో బొంబాయిలో మొదలిడిన 'థియాసఫిస్టు' మాసపత్రికపై వచ్చు ఆదాయము, సభ్యులిచ్చు రుసుము, ఇవియే ఆధారము. ఇట్టివారికి ఏ బ్యాంకు అప్పిచ్చును? ఇచ్చట రంగమునకు ఇద్దరు వచ్చుచున్నారు. ఒకరు ఉద్యోగ విరమణ చేసిన డిప్యూటీ కలెక్టరు అయ్యాలు నాయుడు గారు. రెండవవారు మనము ఇందాక చెప్పిన ముత్తుస్వామి చెట్టి గారు. నాయుడు గారు సొమ్ములో కొంత భాగము తామే ముందుగా ఇచ్చిరి. మిగిలినదానిని చెట్టి గారు సులువైన షరతులపై అప్పుగా ఇప్పించిరి.

ఈ రెండు వాక్యములను చరిత్రకారులు సాధారణముగా ఒక్క పంక్తిలో దాటిపోవుదురు. మేము కొంచెము నిలువగోరుచున్నాము. ఆ తోటను చూచిన నాటికి మదరాసు శాఖ ఏర్పడి నెల దాటి కొద్ది దినములే. వచ్చినవారు విదేశీయులు, రేపు ఓడ నెక్కి పోయినచో పట్టుకొనువారు లేరు. వారియెడ దొరలకు అనుమానము, క్రైస్తవ మిషనరీలకు విరోధము. అట్టివారికొరకు సర్కారు పింఛను పుచ్చుకొను డిప్యూటీ కలెక్టరు ఒకరు, సర్కారు కొలువున నున్న న్యాయాధిపతి ఒకరు పూనుకొనిరి. జీవితమంతయు రెవిన్యూ లెక్కలలో గడపినవానికి భూమి విలువ తెలియకపోదు. కోర్టున అప్పుల దావాలు దినదినము వినువానికి బాకీదారుల గుణము తెలియకపోదు. వీరిరువురు తెలిసియే పూనుకొనిరి. భక్తి కొంత, దేశాభిమానము కొంత యుండవచ్చును. దానితోపాటు, ఆ ధరకు ఆ నేల మునుగదను లౌక్యమును ఉండియుండునని మా యూహ. బాకీ తీరకున్నను, నేల మిగులును గదా!

బాకీ తీరెను. వెంటనే చందాలకు విజ్ఞప్తి చేసిరి. ఏడాది తిరుగునప్పటికి ఆల్కాట్ అప్పంతయు తీర్చి హక్కుపత్రములు చేత పుచ్చుకొనెను.

1882 డిసెంబరు 17న వారు బొంబాయి విడిచి, 19వ తేదిని అడయారు చేరిరి. తరువాతి పని మరమ్మతు. తోట ఇల్లు ఒక దొర కాపురమునకు కట్టినది. దానిని సభలకు తగినట్లు మార్చవలెను. మేడపై బ్లావెట్‌స్కీకి గదులు ఏర్పరచిరి. 1883 డిసెంబరునుండి వార్షిక మహాసభలు అచ్చట జరుగసాగెను. 1886 డిసెంబరులో గ్రంథాలయము తెరచిరి. సంస్కృత పాలీ మొదలగు భాషల వ్రాతప్రతులకు అది నేడు లోకప్రసిద్ధము. నడుమ 1884లో మేడమీది గదుల గోడయొకటి ఖండాంతరములందును చర్చకు వచ్చెను. ఆ గోడలో మోసపు తలుపు లున్నవని ఇంటిపని చూచిన కులోం దంపతులు ఆరోపింపగా, లండను నుండి పరిశోధకుడు వచ్చి చూచి, 1885లో నివేదిక వ్రాసెను. ఆ వివాదము నేటికిని తెగలేదు. అది మన విషయము గాదు. బ్లావెట్‌స్కీ 1885 మార్చిలో ఆ ఇల్లు విడిచి మరల రాలేదు. ఆల్కాట్ 1907 ఫిబ్రవరిలో అచ్చటనే కన్నుమూసెను.

ఆయన జీవించియుండగనే చేసిన రెండు పనులు ఈ తోట చరిత్రకు ముఖ్యమైనవి. మొదటిది, తోట ప్రక్కనున్న ఊరూరు గ్రామపు పంచమ బాలురకు 1894లో ఉచిత పాఠశాల పెట్టుట. రెండవది, 1905 ఏప్రిలులో సమాజమును చట్టరీత్యా రిజిష్టరు చేయించుట. రెండవదాని ఫలము కంటికి కనబడదు. కాని ఆ వనము నేడున్నదనగా అది దాని ఫలమే. ఆస్తి వ్యక్తి పేర నుండినచో వారసులు పుట్టుదురు, వాటాలు పుట్టును, వాటాలతో హద్దురాళ్లు పుట్టును. రిజిష్టరైన సంస్థకు కొడుకులు లేరు, అల్లుండ్రు లేరు. కలహములు లేవని మేము చెప్పము, సమాజమున కలహములు చాలగనే జరిగినవి. అయినను అవి పదవులకై, మతములకై. ఎకరములను పంచుకొనుటకై గాదు.

1907లో అధ్యక్షురాలైన అనీబిసెంటు చుట్టుప్రక్కల తోటలను వరుసగా కొనిపించెను. వానికి బ్లావెట్‌స్కీ తోట, ఆల్కాట్ తోట, దామోదర తోట యని పేర్లు పెట్టిరి. 27 ఎకరములు 250 ఎకరములు దాటెను. అడయారు మఱ్ఱి యని లోకము చెప్పుకొను మహావృక్షము మొదటి తోటలోనిది గాదు. ఇట్లు తరువాత కొనిన నేలలోనిది. దాని తల్లిమాను 1989లో గాలివానకు ఒరిగిపోయెను. ఊడలు మాత్రము నిలిచినవి. 1909లో మదనపల్లెనుండి నారాయణయ్య గారు కొలువునకై కుమారులతో వచ్చి చేరినది ఈ తోట వాకిటికే. ఆ కుమారులలో ఒకరైన జిడ్డు కృష్ణమూర్తి గారిని లెడ్‌బీటరు అడయారు సముద్రపు టొడ్డున చూచుటయు, బాలురకై తండ్రి న్యాయస్థానమున కెక్కుటయు, ప్రీవీ కౌన్సిలు వరకు పోయి 1914లో ఓడిపోవుటయు తెలుగువారెల్ల ఎరిగిన కథయే.

మిగిలిన తోట ఇండ్లు ఏమైనవి? మౌబ్రే మేడ 1890 తరువాత అడయారు క్లబ్బు చేతికి వచ్చి, 1963లో అది మద్రాసు క్లబ్బులో కలియుటచే నిలిచినది. బ్రోడీ ఇల్లు సంగీత కళాశాలయైనది. సంస్థలకు చిక్కినవి ఇట్లు కొన్ని మిగిలినవి. వ్యక్తులకు చిక్కినవి చాలవరకు ముక్కలై, వీధులై, వీధులకు ఆ దొరల పేర్లు మాత్రము కొంతకాలము మిగిలి, పిదప ఆ పేర్లును మారినవి. ఈ సంగతి చెప్పునప్పుడు మాకు చెన్నపట్టణమొకటియే తలపునకు రాదు. హైదరాబాదున బాగ్ అను మాటతో ముగియు పేటలెన్ని యున్నవో ఎంచుకొని, వానిలో నేడు తోట యున్నవి ఎన్నియో చూచుకొనుడు.

అడయారున ఇంకొక విశేషము. హడిల్‌స్టన్ పేరు ఆ ఇంటినుండి ఎన్నడో జారిపోయెను. అప్పిచ్చిన అయ్యాలు నాయుడు గారి పేరుగాని, ముత్తుస్వామి చెట్టి గారి పేరుగాని, మేము చెప్పిన తోటల పేర్లలో లేదు. కొనిన ఆల్కాట్ పేరు మాత్రము ఒక తోటకే గాక, తోటకు వెలుపల, ఏరు సముద్రమును కలియు చోట, వలలు ఆరబెట్టుకొను బెస్తవారి పల్లెకు అంటినది. ఆ పల్లెను నేటికిని ఊరూరు ఆల్కాట్ కుప్పము అని పిలుతురు.